ముందు వరసలో నాలుగు బెల్టులు

అర్జునరావుకి ఆ నాలుగు గీతల గుర్తు పాత పరిచయమే. బటన్ ఫోను రోజుల్లో బ్యాలెన్సు చూసుకోవాలంటే ముందు స్టార్ నొక్కాలి, చివర ఆ గుర్తు నొక్కాలి. అంతకుమించి దానితో మనిషికి పని పడుతుందని అతను అనుకోలేదు. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. నలభై తొమ్మిదేళ్ళొచ్చాక, పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని ఎండలో నిలబడి, ఆ గుర్తు పక్కన మాటలు అతికించడం నేర్చుకోవాల్సి వచ్చింది.

నేర్పినవాడు సాయిశంకర్. గాజువాక దాటాక ఒక ప్రైవేటు యార్డులో పెద్ద షెడ్డుకి పాత రేకులు తీసి కొత్తవి వేసే పని నడుస్తోంది. ఆ పని పట్టిన కాంట్రాక్టు కంపెనీకి సాయిశంకర్ సేఫ్టీ ఆఫీసరు. పాతికేళ్ళు దాటి ఉండవు. ఎనిమిదింటికి రేకులెక్కించే ఖలాసీలు పదకొండు మందినీ రెండు వరసల్లో నిలబెట్టి, ఎత్తు మీద ఎలా పని చెయ్యాలో అయిదు నిమిషాలు చెప్పేవాడు. ఆ తర్వాత పది నిమిషాలు ఫోటో.

ఫోటోని ఎవరి ఫోన్లోంచి వాళ్ళు పెట్టాలి. కింద #జీరోయాక్సిడెంట్ అని కొట్టాలి. ఆ గుర్తు వెనక మాట రాస్తే, అదే మాట రాసినవాళ్ళందరి ఫోటోలూ ఒకే చోట వరసగా వచ్చి పడతాయని, ఏ సైటు నుంచి ఎన్ని పడ్డాయో హెడ్డాఫీసులో చూస్తారని సాయిశంకర్ చెప్పాడు. పెట్టనివాడి పేరు మర్నాడు అందరి ముందూ చదివేవాడు. బళ్ళో హోంవర్కు చెయ్యని పిల్లాడి పేరు చదివినట్టే.

కంపెనీ ఇచ్చిన సేఫ్టీ బెల్టులు నాలుగు. భుజాల మీంచి, తొడల చుట్టూ పట్టీలు బిగించి, తాడు చివర కొక్కేన్ని పైన దూలానికి తగిలించుకునే రకం. మొదట ఏడుండేవి. మూడు తెగిపోయాయి, కొత్తవి వస్తున్నాయన్నారు. వస్తూనే ఉన్నాయి. ఉన్న నాలుగూ ఫోటో కోసం ముందు వరసకి తొడిగేవారు. చూసేవాళ్ళు ముందు వరసే చూస్తారు, వెనకాల ఎవరు లెక్కపెడతారని సాయిశంకర్ ధైర్యం. పోస్టు పెట్టగలిగిన వాళ్ళకే ముందు వరస. ఫోటోకి తొడుక్కున్నవాడిదే ఆ రోజంతా బెల్టు. ఇలా చెయ్యండని ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ చెప్పలేదు. అదే అలవాటైపోయింది.

అప్పలసూరి దగ్గర బటన్ ఫోనే ఉండేది. అందుకని అతను ఎప్పుడూ వెనక వరసే.

అప్పలసూరి అర్జునరావుకి బావ. చెల్లెలు దేముడమ్మ మొగుడు. ఇద్దరివీ సబ్బవరం పక్క పల్లెలు. ఒకే ఏడాది పొలం పని వదిలి ఊళ్ళోకి వచ్చారు. పెదగంట్యాడ దగ్గర ఒకే కాలనీలో ఇళ్ళు చూసుకున్నారు. ఇరవై రెండేళ్ళు ఒకే బండి మీద పనికి వెళ్ళారు. బండి ఎప్పుడూ అర్జునరావే నడిపేవాడు. సూరి వెనక కూర్చుని, ఎదురుగా వచ్చే ప్రతి లారీని ముందే చెప్పేవాడు. నాకు కళ్ళు లేవేటని అర్జునరావు విసుక్కునేవాడు.

ఆ మంగళవారం పైన మూడు రేకులు బిగించాల్సిన మనిషి సూరి. కింద నిలబడి తాడుతో రేకు అందించాల్సిన మనిషి అర్జునరావు. ఫోటో అయిపోయాక అర్జునరావు బెల్టు విప్పి ఇవ్వబోయాడు. తొడ దగ్గర పట్టీ బిగుసుకుపోయి రాలేదు. వెనక ఎవరైనా నిలబడి లాగితే గాని వచ్చేలా లేదు. ఈలోగా టీ వచ్చింది.

“ఉండనీ బావా, మూడు రేకులే గదా,” అన్నాడు సూరి. “పెళ్ళికొడుకు లాగున్నావు. ఇప్పకు.”

అర్జునరావు విప్పలేదు. నేల మీద తాడు లాగేవాడికి బెల్టుతో పని లేదు. అయినా ఒంటి మీద ఉంచుకునే టీ తాగాడు, ఉంచుకునే తాడు లాగాడు. పదకొండున్నరకి రెండో రేకు కింద తుప్పు తిన్న దూలం విరిగి సూరి కింద పడ్డాడు. అందరికన్నా ముందు పరిగెత్తింది అర్జునరావే. బావ తలని ఒళ్ళోకి తీసుకున్నప్పుడు ఆ బెల్టు కొక్కెం సూరి చెంపకి కొట్టుకుంటూ ఉంది. దాన్ని పక్కకి తొయ్యడానికి కూడా అతనికి చెయ్యి ఖాళీ లేదు.

సూరి పోయిన మూడో రోజున కంపెనీ రాసిన కాగితం వచ్చింది. బెల్టు ఇచ్చాం, అతను కట్టుకోలేదు, ఇది సొంత నిర్లక్ష్యం. సూరి కూతురు శ్రీవల్లి, డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్న పిల్ల, అది చదివి తల్లికి వినిపించింది. దేముడమ్మ మిగతా కాగితం ఏమీ వినలేదు. ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది.

గ్యాసు కట్టేశారా లేదా అని మంచమెక్కాక కూడా లేచి చూసొచ్చే మనిషి ఆయన. ఇరవయ్యేళ్ళ కూతుర్ని రోడ్డు దాటిస్తూ చెయ్యి పట్టుకుంటే, స్నేహితురాళ్ళు నవ్వుతున్నారని ఆ పిల్ల గింజుకునేది. అలాంటివాడిని నిర్లక్ష్యం మనిషి అని రాశారు. వచ్చినవాళ్ళందరికీ దేముడమ్మ ఇదే చెప్పేది. నెలాఖరు గురువారం విచారణకి సర్కారు ఆఫీసరు వస్తాడని, ఆయన రాసేదే ఆఖరి మాటని తెలిసింది. ఆ కాగితంలోంచి ఆ మాట తీసెయ్యాలి. ఆమె అడిగింది అదొక్కటే.

శ్రీవల్లి తన ఫోన్లో తండ్రి ఫోటో పెట్టి, కింద #సూరికిన్యాయం అని రాసింది. కాలనీలో పిల్లలందరూ అదే మాట పెట్టారు. వాళ్ళ కాలేజీలో పెట్టారు. మొదటి రోజు నాలుగొందల మంది. రెండో రోజుకి లెక్క తెగలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఏడుపు బొమ్మలు పెట్టారు, దండాలు పెట్టారు, కొవ్వొత్తులు పెట్టారు. దేముడమ్మకి ఫోను చూపిస్తే, ఇంతమందికి ఆయన తెలుసా అని ఆశ్చర్యపోయింది.

అయిదో రోజు నుంచి ఆ మాట కింద వేరే సరుకు రావడం మొదలైంది. పదిమంది నోళ్ళలో నానుతున్న మాట ఏదైనా సరే, దాన్ని తమ పోస్టుకి తగిలించుకుంటే తమదీ నలుగురికీ కనబడుతుందట. సబ్బవరంలో ప్లాట్లు, రోడ్డు పాయింటు, #సూరికిన్యాయం. ఇంట్లో చేసిన రొయ్యల పచ్చడి, #సూరికిన్యాయం. జిమ్ములో కండలు చూపిస్తున్న కుర్రాడు, దాని కింద కూడా బావ పేరు. శవయాత్రలో జేబులు కొట్టేవాళ్ళే నయమనిపించింది అర్జునరావుకి. వాళ్ళకి కనీసం దొరుకుతామన్న భయమైనా ఉంటుంది.

పదకొండో రోజు కార్యం అయ్యాక శ్రీవల్లి అతని పక్కన కూర్చుంది. ఏడుపు బొమ్మలతో పని జరగదని ఆ పిల్లకి అప్పటికే తెలిసింది.

“మావయ్యా, ఆ రోజు పొద్దున్న కూడా ఫోటో తీసుంటారు గదా. కంపెనీవోళ్ళు ఆళ్ళది తీసీసినారు. మీ అందరివీ తీయించీసినట్టున్నారు. నీ ఫోన్లో ఉండిపోయిందేటి?”

ఉంది. ఆ మంగళవారం సాయంత్రమే సాయిశంకర్ ఫోను చేసి చెప్పగానే పోస్టు తీసేశాడు గాని, ఫోన్లో ఫోటో అలాగే ఉంది. దాన్ని ఎన్నిసార్లు తెరిచి చూశాడో అతనికే తెలియదు. ముందు వరసలో నలుగురు, నలుగురికీ బెల్టులు. వెనక ఏడుగురు, ఒక్కడికీ లేదు. ఎడమ చివర ముందు జ్ఞానదాసు, అతని వెనకే సూరి. కుడి చివర ముందు అర్జునరావు, ఛాతీ విరుచుకుని, పెళ్ళికొడుకులాగా.

చూసి చెబుతానని ఇంటికి వెళ్ళాడు. దొడ్లో కూర్చుని ఆలోచించాడు. ఫోటో చూసిన మరుక్షణం దేముడమ్మ అడుగుతుంది, నువ్వు కింద ఉండి నీకెందుకది అని. ఆ ప్రశ్న ఒక్కటీ రాకుండా ఉంటే చాలు, ఇంకేమైనా భరించవచ్చనిపించింది. ఫోటో అంచు మీద వేలు పెట్టి లోపలికి జరిపాడు. కుడి పక్కనుంచి తను పోయాడు. ఎక్కువ మంది ఉంటే మిగతావాళ్ళు ఎవరని అడుగుతారేమోనని ఇంకా జరిపాడు. చివరికి ఇద్దరు మిగిలారు. జ్ఞానదాసు, సూరి. కంపెనీ బావకి బెల్టు ఇవ్వలేదని తెలియడానికి ఇది సరిపోతుందనుకున్నాడు. ఒంటి మీద బెల్టు లేదు గదా, కనబడుతూనే ఉంది గదా.

ఎవరో పంపారు, ఇంతే వచ్చింది అని శ్రీవల్లికి పంపించాడు. ఆ పిల్ల అప్పుడే పెట్టేసింది. చావుకి మూడు గంటల ముందు నాన్న, #సూరికిన్యాయం.

దీనికి మొదటి రోజు పెట్టినదానికన్నా ఎక్కువ మంది వచ్చారు. మధ్యాహ్నానికల్లా ఎవడో కింద రాశాడు. పక్కవాడు కట్టుకున్నాడు గదా, ఈయనకేమైంది? అది చూసి ఇంకొకడు, ఇంకొకడు. నిన్నటిదాకా కొవ్వొత్తులు పెట్టినవాళ్ళే ఇప్పుడు బుద్ధులు చెప్పడం మొదలుపెట్టారు. ఇంట్లో భార్యాపిల్లలు ఎదురుచూస్తుంటారు సోదరా, అయిదు నిమిషాలు బద్ధకించకు, #సేఫ్టీఫస్ట్. మూడో రోజుకి ఎవరో ఆ ఫోటో మీద జ్ఞానదాసు దగ్గర పచ్చ టిక్కు, సూరి మొహం పక్కన ఎర్ర ఇంటూ గీశారు. అలా గీసినదే ఊరూరా తిరిగింది.

సాయిశంకర్ దాన్ని ఫ్లెక్సీ వేయించి యార్డు గేటు లోపల కట్టించాడు. ఆ రోజు ఫోటో దాని ముందే తీశాడు. ఆ ఫ్లెక్సీ కింద నిలబడి, బెల్టు తొడుక్కుని, ముందు వరసలో అర్జునరావు కూడా ఉన్నాడు. కెమెరా వైపు చూడమంటే చూశాడు.

అన్నం దగ్గర జ్ఞానదాసు క్యారేజీ తీసుకుని వచ్చి అతని ఎదురుగా కూర్చున్నాడు. మల్కాపురంలో చర్చి పక్కన ఉంటాడు. ఆదివారం తప్ప గట్టిగా మాట్లాడే మనిషి కాదు. తిని, చెయ్యి కడుక్కుని, నా మొహం పక్కన టిక్కు చూసి మా ఇంటిది దీవెనమ్మ ఏడుస్తోందని చెప్పాడు. మనకి టిక్కు కొట్టడానికి పక్కవాణ్ణి చంపాలా అని అడిగిందట.

“ఆ ఫోటో పొడుగెంతో నాకు తెలుసు అర్జునరావూ,” అన్నాడు. “దేవుడు సూత్తన్నాడని నాను సెప్పను. నాను సూసినాను. కోసింది నువ్వో ఇంకొకడో నాకొద్దు. అది పూర్తిగా ఉన్నోడు బయట పెట్టాల. నా ఫోన్లో తుడిసీసినాను, నేకపోతే నానే పెడుదును.”

గురువారం విచారణ. బుధవారం మధ్యాహ్నం అర్జునరావు పని మధ్యలో చెప్పకుండా వచ్చేశాడు. దేముడమ్మ అరుగు మీద కూర్చుని ఎండు చేపలకి తలలు తుంచుతోంది. ఎర్ర గీత పెట్టిన ఫోటో ఆమె అప్పటికే చూసింది. ఎదురింటి వాళ్ళు చూపించారు. చూసినప్పటినుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదని శ్రీవల్లి చెప్పింది.

అర్జునరావు మెట్టు మీద కూర్చుని పూర్తి ఫోటో తీసి చేతికిచ్చాడు. ఆమె చేతులు చీర కొంగుకి తుడుచుకుని, ఫోను ఎండ తగలకుండా పట్టుకుని చూసింది. ఒక్కొక్కరినీ వేలితో లెక్కపెట్టింది. ముందు నాలుగు. వెనక ఏడు. కుడి చివరికి వచ్చి ఆగింది. అతను పట్టీ గురించి, టీ గురించి, మూడు రేకులే గదా అని సూరి అన్న మాట గురించి చెప్పాడు.

“ఆయనే ఉండనీమనుంటారు,” అంది ఆమె. “నాకు తెల్దా ఆయన సంగతి? నీ ఒంటి మీద ఉన్నాదని నిన్నేటీ అనను అన్నియ్యా.”

మళ్ళీ ఫోటో చూసింది.

“కోసిందెందుకు?”

“నువ్వేటనుకుంటావోనని.”

“నానేటో అనుకుంటానని ఆయన్ని ఇంటూ కొట్టించీసినావా.”

ఆమె ఫోను అతని పక్కన మెట్టు మీద పెట్టింది. రేపు ఆఫీసరు ముందు నిలబడి ఇందులో నువ్వెవరో వేలు పెట్టి చూపించమంది. అది చేసేదాకా ఈ మెట్టు ఎక్కొద్దంది. మళ్ళీ చేపలు ముందుకి లాక్కుంది. అంతకుముందు ఎన్ని గొడవలైనా, అతను లేచేటప్పుడు అన్నం తిన్నావా అని అడగకుండా పంపిన రోజు లేదు. ఆ రోజు అడగలేదు.

గురువారం యార్డు ఆఫీసు గదిలో విచారణ జరిగింది. ఆఫీసరు నెమ్మదైన మనిషి. ఫోటో దగ్గరగా పెట్టుకుని లెక్కపెట్టాడు. కంపెనీ మనిషి, మిగతా బెల్టులు స్టోరులో ఉన్నాయి, అడిగితే ఇచ్చేవాళ్ళమన్నాడు. స్టోరు పుస్తకం తెమ్మంటే అది హెడ్డాఫీసులో ఉందన్నాడు. సాయిశంకర్ తల ఎత్తలేదు. ఆఫీసరు ఫోటోలో కుడి చివర మనిషిని చూపించి ఇదెవరని అడిగాడు. అర్జునరావు వేలు పెట్టి నేనేనన్నాడు.

“నువ్వు కింద పని చేసేవాడివి గదా. నీకెందుకు బెల్టు?”

“ఫోటో కోసమండి.”

ఆఫీసరు రాస్తున్నవాడు ఆగి అతని మొహంలోకి చూశాడు. తర్వాత ఆ మాట కూడా రాసుకున్నాడు.

మర్నాడు గేటు దగ్గర అర్జునరావు పాసు పని చెయ్యలేదు. ఎందుకని అతను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. నెల తిరిగేసరికి ఆఖరి కాగితం వచ్చింది. సొంత నిర్లక్ష్యం అన్న మాట అందులో లేదు. పదకొండు మందికి నాలుగు బెల్టులు మాత్రమే ఉన్నాయని, అందువల్లే ప్రాణం పోయిందని రాశారు. శ్రీవల్లి తల్లికి రెండుసార్లు చదివింది. దేముడమ్మ విని, ఊపిరి పీల్చుకుని, అయితే ఇప్పుడు ఫోన్లోది కూడా మారిపోతుందా అని అడిగింది.

శ్రీవల్లి మావయ్య వైపు చూసింది.

అది మారదు. పూర్తి ఫోటో, పక్కన ఆఫీసరు రాసిన కాగితం, #సూరికిన్యాయం అన్నీ కలిపి శ్రీవల్లి పెడితే నలభై ముగ్గురు చూశారు. ఆ మాట అప్పటికే పాతబడిపోయింది. జనం వేరే మాటల మీదికి వెళ్ళిపోయారు. ఎర్ర గీత పెట్టినది మాత్రం ఎక్కడెక్కడికో పాకింది. పేరు కూడా పోయింది దానికి. సూరి అన్న మాటే లేదు. ఎవరో కట్టుకున్నవాడు, ఎవరో కట్టుకోనివాడు, కింద పది గుర్తుల వెనక పది మాటలు. హిందీలో ఒకటి, ఒరియాలో ఒకటి. సేఫ్టీ క్లాసులు చెప్పేవాళ్ళు, హెల్మెట్లు అమ్మేవాళ్ళు, పొద్దున్నే మంచిమాటలు పంపేవాళ్ళు అందరికీ అది పనికొచ్చింది.

అర్జునరావు ఇప్పుడు ఆనందపురంలో ఒక ఐరన్ గోడౌన్లో ఊచలు ఎత్తుతున్నాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక, గోడ నీడన కూర్చుని #సేఫ్టీఫస్ట్ అని కొట్టి వెతుకుతాడు. ఆ ఫోటో ఎక్కడ కనబడితే అక్కడ కింద పూర్తి ఫోటో పెడతాడు. పైన ఒక మాట రాస్తాడు. ఇది సగం ఫోటో, మిగతా సగంలో నేనున్నాను అని మొదట్లో అందరికీ ఒకటే రాసేవాడు. కొందరు తీసేశారు. ఒకడు, నీకు తాగుడు అలవాటుందా అని అడిగాడు. మిగతావాళ్ళు ఏమీ అనలేదు. ఆదివారం చెల్లెలింటికి వెళితే, ఈ వారం ఎన్ని చోట్ల పెట్టావని మాత్రం దేముడమ్మ అడుగుతుంది. అతను చెబుతాడు. ఆమె మంచినీళ్ళిస్తుంది.

మొన్న ఫోను అతన్ని ఆపేసింది. ఒకే మాట పదేపదే పెడుతున్నావు, ఇలా పెడితే కుదరదని తెరమీద వచ్చింది. రెండు రోజులు ఏమీ పెట్టనివ్వలేదు. అలా అంటే ఏం చెయ్యాలని శ్రీవల్లిని అడిగితే, ప్రతిసారీ మాటలు మార్చి రాయాలి మావయ్యా, లేకపోతే నిన్ను మిషను అనుకుంటుంది అని చెప్పింది.

అప్పటినుంచి మార్చి రాస్తున్నాడు. ఏడో తరగతి మాటలు ఎన్నని మారుస్తాడు. ఒకరోజు పట్టీ గురించి రాస్తాడు. ఒకరోజు టీ గురించి. ఒకరోజు కొక్కెం చెంపకి తగిలిన సంగతి రాసి, తుడిచేసి, మళ్ళీ రాశాడు. ఈ మధ్యాహ్నం ఎక్కడో రాయపూర్ పక్క వాళ్ళెవరో పెట్టినదాని కింద, వాళ్ళకి తెలుగు రాదని తెలిసీ, గోడౌను వాళ్ళు పిలుస్తున్నా లేవకుండా, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టాడు.

“ఇంటూ కొట్టిన మనిషి మా బావ. పేరు అప్పలసూరి. రోడ్డు మీద ప్రతి లారీని నాకు ముందే చెప్పేవాడు. ఆ రోజు బెల్టు నా ఒంటి మీద ఉంది. నేను నేల మీదే ఉన్నాను.”